‘దారు’ పుట్టుపూర్వోత్తరాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఏ రైతు ఇంట్లోనైనా రోజూ వినపడే మాటలు కొన్ని వున్నాయి: పట్టాదారు, కౌలుదారు, వాటాదారు, ఖాతాదారు, తహసీల్దారు. వూళ్ళో పెద్దమనిషిని గురించి చాటుగా అనుకునేది పెత్తందారు. మన సాహిత్య సభల్లో తరచు వినపడేవి పెట్టుబడిదారు, జమీందారు. చివరికి యీ పత్రికకు డబ్బు పంపే పాఠకుడు కూడా చందాదారే. ఇన్ని మాటల చివర నిలబడ్డ ‘దారు’ ఎవరు? ఎక్కడినుంచి వచ్చాడు? ఏ దారిన వచ్చి మన కరణాల లెక్కల్లో చేరాడు? ఇది పండితుల కాలక్షేపానికి పనికొచ్చే ప్రశ్న అని కొందరు అనుకోవచ్చు. కాని భూమి ఎవరి చేతిలో వుంది, ఆ చేతికి పేరు ఎవరు పెట్టారు అన్న ప్రశ్న దీని అడుగున వుంది. అందుచేత దీన్ని కొంచెం లోతుగానే తవ్వి చూడాలి.

‘దార్’ అనేది పారశీక క్రియాధాతువు. పారశీకంలో ‘దాశ్తన్’ అంటే పట్టుకొని వుండటం, కలిగి వుండటం. దాని వర్తమాన రూపం ‘దార్’. ‘దారమ్’ అంటే నాకు వుంది అని. ఈ రూపాన్ని నామవాచకం చివర తగిలిస్తే ‘దాన్ని పట్టుకొని వున్నవాడు’ అనే అర్థం వస్తుంది. జమీన్ పట్టుకున్నవాడు జమీందారు. సర్ అంటే తల, అగ్రస్థానం. అది కలిగినవాడు సర్దారు. తహసీలు, అంటే వసూలు, చేతిలో వున్నవాడు తహసీల్దారు. ‘తహసీల్’ అరబ్బీ మాటే అయినా దాని తోక పారశీకం. పాలకుల భాషలు యిలాగే వొకదానిమీద వొకటి పేరుకుంటాయి.

పారశీకం కన్నా వెనక్కి వెళితే భాషాశాస్త్రజ్ఞులు వొక నక్షత్ర గుర్తు పెడతారు. ఎక్కడా రాతలో దొరకని రూపాన్ని, దాని సంతానమైన భాషలను పోల్చి తిరిగి నిర్మించినప్పుడు ముందు ఆ గుర్తు వేస్తారు. ఇరానీ భాషలన్నిటికీ మూలమైన భాషలో యీ ధాతువు *దర్-. దానికీ సంస్కృతానికీ ఉమ్మడి అయిన యిండో-ఇరానీ దశలో *ధర్-. ఇంకా వెనక, యిండో-యూరోపియన్ మూలభాషలో *ధెర్-. నక్షత్రం వున్నంతమాత్రాన అది వూహ అని కొట్టెయ్యటానికి వీల్లేదు. ధ్వనులు క్రమం తప్పకుండా మారతాయన్న నియమం దానికి ఆధారం. సంస్కృతంలో వొత్తు పలికే భ, ధ, ఘ లు ఇరానీ శాఖలో వొత్తు కోల్పోయాయి. మన భ్రాత వాళ్ళ బిరాదర్. మన భూమి ప్రాచీన పారశీకంలో బూమి. అలాగే మన ‘ధర్’ వాళ్ళ ‘దర్’. సంస్కృతంలో ధృ ధాతువు సంతానం మనకందరికీ పరిచయమే: ధరణి, ధరిత్రి, ధారణ, ఆధారం, ధృతి, ధర్మం. నిలబెట్టేది ధర్మం, మోసేది ధరణి.

ఇరానీ శాఖలో యీ ధాతువు బిడ్డలు చాలా దూరం తిరిగారు. అవెస్తా భాషలో ‘దర్’ వుంది. కాకసస్ పర్వతాల్లోని ఒసెటిక్ భాషలో ‘దారిన్’ అంటే పట్టుకోవటం, బట్టలు ధరించటం కూడా. బలూచీలో ‘దారగ్’. పష్తోలో పాత ‘ద’కారం నియమం ప్రకారం ‘ల’కారమైంది, అందుచేత పష్తో మాట్లాడేవాడు ‘లరమ్’ అంటే పారశీకుడు ‘దారమ్’ అన్నట్టే: నాకు వుంది. మధ్య ఆసియా వర్తకుల భాష అయిన సోగ్డియన్‌లో యీ ధాతువు సహాయక క్రియగా దిగి, పని పూర్తయిందని చెప్పటానికి పనికొచ్చింది. నేటి పారశీకంలో జరుగుతూ వున్న పనిని చెప్పటానికీ దాన్నే వాడతారు. పట్టుకోవటం నుంచి కలిగి వుండటం, కలిగి వుండటం నుంచి కాలాన్ని చెప్పటం: ధాతువు అర్థం యిలా అరుగుతూ వచ్చింది.

ఇక్కడ వొక జాగ్రత్త చెప్పాలి. చెవికి ఒకేలా వినపడ్డవన్నీ చుట్టాలు కావు. దర్బారులోని ‘దర్’ తలుపు. అది మన ‘ద్వారం’ చుట్టం. దరోగా మంగోలు పాలకుల వెంట వచ్చిన మాట. తెలుగు దారికీ దారానికీ యీ ధాతువుతో ఏ బంధుత్వమూ లేదు. పట్టాదారులో ‘పట్టా’ కూడా మన ‘పట్టు’ క్రియ నుంచి పుట్టలేదు. పలక అనే అర్థం వున్న సంస్కృత ‘పట్ట’ శబ్దం నుంచి వచ్చింది. నియమం లేకుండా మాటలను కలిపేవాళ్ళు చరిత్రను కూడా అలాగే కలిపేస్తారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ధాతువు అర్థం ఎలా మారిందో చూస్తే, ఆస్తి చరిత్ర దాని వెనక కనపడుతుంది.

అవెస్తాలోని అతి పాత భాగమైన గాథల్లో జరతుష్ట్రుడు దేవుణ్ణి ప్రశ్నలడుగుతాడు. కింద భూమినీ, పడిపోకుండా పైన ఆకాశాన్నీ పట్టి నిలిపినదెవరు అన్నది వాటిలో వొకటి. అక్కడ భూమికి వాడిన మాట ‘జమ్’. పట్టి నిలపటానికి వాడిన ధాతువు ‘దర్’. అంటే జమీందారులోని రెండు భాగాలూ అక్కడే పక్కపక్కన వున్నాయి. కాని అక్కడ భూమిని పట్టుకున్నవాడు శిస్తు వసూలు చేసేవాడు కాదు, దాన్ని మోసేవాడు. రుగ్వేదం పదో మండలంలోని హిరణ్యగర్భ సూక్తంలో కూడా భూమినీ ఆకాశాన్నీ ధరించినవాడి ప్రస్తావన యిదే ధాతువుతో వుంది. పశువుల మందలతో తిరిగే తెగలకు భూమి ఎవరి సొత్తూ కాదు. దాన్ని పట్టి నిలిపేది ఏదో మహాశక్తి అనుకున్నారు.

తరవాత రాజ్యం పుట్టింది. క్రీ.పూ. 522 నుంచి 486 దాకా ఇరాన్‌ను ఏలిన చక్రవర్తిని గ్రీకులు డేరియస్ అన్నారు. అతని అసలు పేరు దారయవఉష్. మంచిని పట్టి నిలిపేవాడని అర్థం. అతను బెహిస్తూన్ కొండమీద మూడు భాషల్లో తన విజయాలు చెక్కించాడు. నక్ష్-ఎ-రుస్తుంలోని తన సమాధిమీద వేయించిన శాసనంలో కప్పం కట్టే దేశాల పేర్లు చెప్పి, తన చట్టమే వాటిని పట్టి వుంచిందని చెప్పుకున్నాడు. అక్కడా యిదే ధాతువు. దేవుడి చేతిలోని ధాతువు రాజు చేతికి వచ్చింది. భూమిని మొయ్యటం పోయి, జనాన్ని పట్టి వుంచటం వచ్చింది. వర్గ సమాజం ఏర్పడ్డాక ‘ధారణ’ అనే మాటకు జరిగిన మార్పు యిది.

ఇదే మార్పును సంస్కృత సమాసాల్లో కూడా చూడొచ్చు. ‘జమ్’కు సంస్కృతంలోని జోడు ‘క్ష్మ’. మన ప్రబంధాల్లో భూమికి ఆ మాట వుంది. కాబట్టి జమీందారు అన్న సమాసాన్ని సంస్కృతంలో కూర్చితే ‘క్ష్మాధరం’ అవుతుంది. ఆ మాటకు అర్థం కొండ! భూధరం అన్నా కొండే. ఒకే ధాతువులతో కూర్చిన సమాసం వొకచోట భూమిని అణిచిపెట్టి నిలిపే కొండ అయింది. మరొకచోట భూమిమీద బతికేవాణ్ణి అణిచిపెట్టే దొర అయింది.

తెలుగునేలమీదకు యీ ‘దారు’ బహమనీల కాలం నుంచి, ముఖ్యంగా 1518 నుంచి 1687 దాకా సాగిన కుతుబ్‌షాహీ పాలనలో స్థిరపడ్డాడు. 16వ శతాబ్దం చివరి పాదంలో కొండవీడు గోల్కొండ చేతికి వచ్చి ముర్తజానగర్ అయింది. గోల్కొండ ఫర్మానాలు పారశీకంలోనూ తెలుగులోనూ జంటగా వుండేవి. ఆ జంటరాతే యీ మాటలకు వంతెన. ఆ రోజుల్లోనే పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో యయాతి చరిత్ర రాశాడు. దాన్ని అంకితమిచ్చింది గోల్కొండ ఉద్యోగి అమీన్‌ఖాన్‌కి. కావ్యం అచ్చతెలుగే కావచ్చు. శిస్తు లెక్కలు మాత్రం అచ్చతెలుగులో సాగలేదు. కవిత్వంలో భాషను ఎంత కడిగినా, జీవితంలో భాష ఉత్పత్తి సంబంధాలను అనుసరించే నడుస్తుంది.

1788లో గుంటూరు సర్కారు నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీ మాటలను మార్చలేదు, అర్థాన్ని మార్చింది. మొగలు పద్ధతిలో జమీందారు ముఖ్యంగా శిస్తు వసూలు హక్కు వున్నవాడు. అదే భూమిమీద సాగు హక్కు రైతుకీ, రాబడి హక్కు ప్రభువుకీ వుండేవి. 1793లో బెంగాల్లో, 1802 నాటి 25వ రెగ్యులేషనుతో మద్రాసు రాజధానిలో కంపెనీ యీ జమీందారునే భూమికి యజమానిగా ప్రకటించింది. పేరు అదే; కాని పట్టుకోవటం సొంతం కావటమయింది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి వంటి సంస్థానాధీశుల వైభవం చుట్టూ అల్లిన కథలు మనకు చాలా వున్నాయి. ఆ వైభవానికి ధాన్యం ఎవరు పండించారో ఆ కథలు చెప్పవు. 1832-33లో డొక్కల కరువు వచ్చినప్పుడు గుంటూరు జిల్లా జనంలో మూడోవంతు దాకా పోయారని అంచనాలున్నాయి. భూమిని ధరించామన్నవాళ్ళెవరూ ఆ జనాన్ని ధరించలేదు. అప్పుల్లో, బకాయిల్లో మునిగిన గుంటూరు జమీలు 1840ల నాటికి ప్రభుత్వం పాలయ్యాయి. 1846లో వాల్టర్ ఇలియట్ యిచ్చిన నివేదిక ఆ పతనం గురించే.

ఇంగ్లీషువాడి సొంత మాటలోనూ యీ ధాతువే వుందని చాలామంది భాషాచరిత్రకారుల అభిప్రాయం. లాటిన్‌లో ‘ఫిర్ముస్’ అంటే గట్టిగా నిలిచినది; అది *ధెర్- సంతానమే అంటారు. దాని నుంచి పుట్టిన ‘ఫారం’ అనే మాటకు మొదటి అర్థం పొలం కాదు, యింతని ఖాయం చేసుకున్న గుత్త. శిస్తు వసూలును గుత్తకు తీసుకున్నవాణ్ణి ఇంగ్లీషులో ఫార్మర్ అన్నారు. ఆ పనినే మనవాళ్ళు ఇజారా అన్నారు, చేసినవాణ్ణి ఇజారాదారు అన్నారు. వర్తక సంఘానికి ‘ఫర్మ్’ అనే పేరూ ఆ కుదురుదే. అలా చూస్తే కంపెనీ దొరా, ఇజారాదారూ మనదేశంలో కలుసుకునే నాటికి వాళ్ళ మాటలు దూరపు చుట్టాలు. కలిసి చేసిన పని మాత్రం దగ్గరిది.

ఈ మాటల అడవిని కంపెనీ ఉద్యోగులకు అర్థమయ్యేటట్టు చెయ్యటానికి నిఘంటువులు పుట్టాయి. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేసి, తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు 1854లో ప్రత్యేకంగా మరో నిఘంటువు వేశాడు. 1855లో హెచ్.హెచ్. విల్సన్ న్యాయ, రెవిన్యూ పదాల కోశం వచ్చింది. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది కూడా 1855లోనే. కాల్వ నీళ్ళు తెనాలి, రేపల్లె, బాపట్ల పొలాలకు పారాయి. మెట్ట మాగాణి అయింది, భూమి విలువ పెరిగింది, దాన్ని పట్టుకునేవాడి విలువా పెరిగింది. జమీందారు లేని రైత్వారీ వూళ్ళల్లో పట్టాదారు పెరిగాడు; పట్టాదారు కింద కౌలుదారు పెరిగాడు.

జమీందారుకు ఎదురు తిరిగిన చరిత్ర కూడా మనదే. 1921-22లో బాపట్ల పరిసరాల్లోని పెదనందిపాడు ఫిర్కా పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో పన్ను కట్టమని భీష్మించింది. 1934లో నిడుబ్రోలులో ఎన్.జి. రంగా రైతాంగ విద్యాలయం పెట్టారు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచిన రైతు రక్షణ యాత్ర జమీందారీ రద్దును కోరింది. 1943లో తెనాలిలో తాపీ ధర్మారావు గారి అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. 1948లో మద్రాసు శాసనసభ జమీందారీ రద్దు చట్టం చేసింది. జమీందారు పోయాడు. ‘దారు’ పోలేదు.

పోకపోవటానికి కారణం వుంది. అప్పటికే ‘దారు’ తెలుగు ప్రత్యయమైపోయింది. ‘పెత్తనం’ తెలుగు, ‘పెట్టుబడి’ తెలుగు, ‘గుత్త’ మన ద్రావిడ భాషల సొత్తు. వాటికి దారు తగిలి పెత్తందారు, పెట్టుబడిదారు, గుత్తేదారు అయ్యాయి. సంస్కృతం ‘లబ్ధి’కి తగిలి లబ్ధిదారు, ఇంగ్లీషు కార్డుకూ పాలసీకీ తగిలి కార్డుదారు, పాలసీదారు. ఒక పరాయి ప్రత్యయం దేశీయ పదాలమీద యింత స్వేచ్ఛగా మొలిచిందంటే, అది ఇక పరాయిది కాదు.

వీటిలో పెట్టుబడిదారు మనకు ముఖ్యమైన మాట. ఉర్దూ అభ్యుదయ కవులు ‘సర్మాయాదార్’ అన్నారు; తెలుగు మాట నిర్మాణం సరిగ్గా అదే. తమిళులు ‘ముదలాళి’ అని సొంత ఆళి ప్రత్యయంతో చేసుకున్నారు. కన్నడిగులు పెట్టుబడిదారీ వ్యవస్థను ‘బండవాళశాహి’ అని, పారశీక ‘షా’ను తెచ్చి, ఏలుబడిగా చూశారు. తెలుగువాళ్ళం పట్టుబడిగా చూశాం. పెట్టుబడి పెట్టేవాడు అనటం వేరు, పెట్టుబడిని చేతిలో పట్టుకు కూర్చున్నవాడు అనటం వేరు. సామాజిక శ్రమఫలితం వ్యక్తి చేతిలో చిక్కుబడటమే సారమైన వ్యవస్థకు యీ రెండోదే సరైన పేరు. మన మాట మార్క్సు చెప్పినదానికి తెలియకుండానే దగ్గరగా వచ్చింది.

ఇక ఎవరెవరు ‘దారు’ కాలేకపోయారో చూడాలి. కూలిదారు లేడు, కూలివాడు వున్నాడు. జీతందారు లేడు, జీతగాడు, పాలేరు వున్నారు. దారు చివర ‘గారు’ పెట్టొచ్చు. గాడు చివర పెట్టటానికి నోరు రాదు. వ్యాకరణంలోకి కూడా వర్గం యిలా దిగుతుంది. దీనికి వొక మినహాయింపు వుంది, దాన్ని దాచటం న్యాయం కాదు. తాపీ పని చేసేవాళ్ళను చాలాచోట్ల బేల్దార్లు అంటారు. పారశీకంలో ‘బేల్’ అంటే పార. పార పట్టినవాడు బేల్దారు. అంటే శ్రామికుడికి కూడా ఆ ధాతువు దక్కింది, కాని పనిముట్టును పట్టినందుకు దక్కింది. ఆ పారతో ఎంత భూమి తవ్వినా భూమి పట్టినవాడు కాలేదు. మరో రెండు ‘దారు’లు కూడా పేదవాడికి మిగిలాయి: అర్జీదారు, ఫిర్యాదుదారు. చేతిలో కాగితం తప్ప ఏమీ లేనివాడికి ఆ కాగితమే ఆస్తి.

కౌలుదారు సంగతి వీటన్నిటికన్నా విచిత్రం. ‘కౌల్’ అరబ్బీ మాట. అర్థం పలుకు, యిచ్చిన మాట. కౌలుదారు అంటే మాట పట్టినవాడు. కంపెనీ రోజుల్లో కౌలు అంటే రాతపూర్వకమైన హామీ, సంతకం వున్న కాగితం. ఇవాళ తెనాలి మాగాణుల్లో, రేపల్లె వైపు లంకల్లో అత్యధిక భాగం కౌలు నోటిమాటే. ఎకరానికి మక్తా యిన్ని బస్తాలు అని గట్టుమీద నిలబడి చెప్పుకుంటారు. ఆ రెండు మాటల మీద ఏడాది సేద్యం నడుస్తుంది. కాగితం రాస్తే హక్కు పుడుతుందని పట్టాదారుకు భయం. కాగితం అడిగితే వచ్చే ఏడు పొలం రాదని కౌలుదారుకు భయం. అందుకని మాట తన అసలు అర్థానికే తిరిగి వెళ్ళింది: కౌలు, ఉత్త పలుకు.

1956 కౌలు చట్టం, 2011 భూమి అధీకృత సాగుదారుల చట్టం, దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం యీ ముడి విప్పటానికి ప్రయత్నించినవే. 2019 చట్టం 11 నెలల గడువున్న హక్కుపత్రం ఇస్తానంది. కాని దానికి ముందు భూ యజమాని ఒప్పందంమీద సంతకం పెట్టాలి. అంటే కౌలుదారుకు దక్కే కాగితం మళ్ళీ పట్టాదారు చేతిలోనే వుంది. తుపాను వచ్చి వరి నీటిలో పడ్డప్పుడు నష్టపరిహారం పట్టా వున్న ఖాతాకు పోతుంది, నష్టం మాట పట్టుకున్నవాడి దగ్గర వుండిపోతుంది. ఇద్దరి పేర్ల చివరా వున్నది వొకే ‘దారు’. ఒకడు పట్టుకున్నది పలక, మరొకడు పట్టుకున్నది పలుకు. ఇక ఆ కౌలు పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, మినుము పీకే ఆడమనిషికి ఏ ‘దారు’ పేరూ లేదు. లెక్కల్లో ఆమె రైతు కూడా కాదు, రైతు భార్య.

పాలకులు మాటలు మార్చటంలో ఆలస్యం చెయ్యరు. 1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తహసీల్దారు మండల రెవిన్యూ అధికారి అయ్యాడు. కొన్నేళ్ళకు తహసీల్దారు పేరు మళ్ళీ తిరిగివచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు పునర్విభజించినప్పుడు బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి, తెనాలి గుంటూరు జిల్లాలో వుండిపోయింది. తెలంగాణాలో 2020లో భూమి రికార్డులకు పెట్టిన పేరు ‘ధరణి’. అందులో సాగుదారు గడి లేదు, పట్టాదారు గడే వుంది. అందర్నీ మోసేది అని అర్థమున్న మాట, భూమిని పట్టుకున్నవాళ్ళ జాబితాకు పేరయింది. ఆ పేరూ 2025లో మారింది. ధరణికీ, జమీందారుకీ ధాతువు వొకటేనన్న సంగతి ఆ పేరు పెట్టినవాళ్ళకు తట్టి వుండదు. పొలం చేసేవాడికి మాత్రం అనుభవంలో తెలుసు.

పరాయి మాటలను ఏరిపారేస్తే భాష శుద్ధి అవుతుందని అనేవాళ్ళు మన మధ్య యిప్పటికీ వున్నారు. ‘దారు’ను తీసేసి అచ్చతెలుగు ప్రత్యయం పెట్టినంతమాత్రాన పెత్తనం పోదు, పెట్టుబడీ పోదు. మాట చరిత్ర తెలుసుకోవటం అందుకోసం కాదు. ఆ మాట పట్టుకున్నదేమిటో, ఎవరి చేతి నుంచి పట్టుకున్నదో తెలుసుకోవటానికి. భూమిని మోసినవాడి పేరుగా బయల్దేరిన ధాతువు, దాన్ని ఏలినవాడి పేరై, అమ్ముకున్నవాడి పేరై మన వూరికి వచ్చింది. ఇవాళ ఆ భూమిని నిజంగా మోస్తున్నది కౌలుదారు, కూలివాడు, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు. వాళ్ళ చేతికి కాగితం వచ్చిన రోజున ఆ పాత ధాతువుకు దాని మొదటి అర్థం తిరిగి వస్తుంది.